ధ్రువకాంతికి లెక్క రాసిన మనిషి – క్రిస్టియన్ బిర్కెలాండ్



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, నాకు ముందు తోచిన పేర్లన్నీ మనందరికీ తెలిసినవే. వారి గురించి నాకంటె బాగా రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారు. అందుచేత మన పత్రికలో ఇంతవరకు ఎవరూ రాయని ఒక దూరదేశపు మనిషిని ఎన్నుకున్నాను. ఆయన పేరు క్రిస్టియన్ బిర్కెలాండ్. నార్వే దేశస్థుడు. పోయి నూరేళ్ళు దాటింది. ఆయన దేశంలో ఆయన బొమ్మను కరెన్సీ నోటు మీద వేసుకున్నారు. మన వైపు మాత్రం ఫిజిక్సు చదివిన పిల్లలకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈయన నాకెట్లా తెలిశాడో చెప్పాలి. మా అబ్బాయి ఉద్యోగం శ్రీ సిటీలో. రిటైరైన తరువాత నేను కూడా వాళ్ళ దగ్గరే ఉంటున్నాను. ఒక సాయంత్రం మా మనవడు సెల్‌ఫోనులో ఒక శబ్దం వినిపించి, అదేమిటో చెప్పమన్నాడు. తెల్లవారుజామున చింతచెట్టు మీద పిట్టలన్నీ ఒక్కసారి మేలుకొని కిచకిచలాడినట్లుంది. నేను పిట్టలే అన్నాను. కాదు తాతా, అది భూమి చేసే రేడియో అన్నాడు. ఆకాశంలో వేల మైళ్ళ ఎత్తున, మనిషి ప్రమేయం లేకుండా పుట్టే రేడియో తరంగాలట. వాటికి శాస్త్రజ్ఞులు కోరస్ అని, అంటే బృందగానమని, పేరు పెట్టారు.

మనం వినే ఆకాశవాణి మీడియం వేవ్ తరంగాలు సెకనుకు ఐదు లక్షల నుంచి పదహారు లక్షల సార్లు కంపిస్తాయి. ఈ సహజ తరంగాలు సెకనుకు కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్లే కంపిస్తాయి. వీటినే అతి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలంటారు. మన చెవి పట్టుకోగలిగిన శబ్దాల కంపనాలూ ఇంతే ఉంటాయి కనుక, పొడవాటి తీగ ఒకటి కట్టి, దానికి వచ్చిన కొద్దిపాటి విద్యుత్తును యాంప్లిఫయరులో పెద్దది చేసి స్పీకరుకు ఇస్తే చాలు, నేరుగా వినపడతాయి. కొన్ని పిట్టల కూతలా, కొన్ని ఈలలా, కొన్ని పాము బుసలా ఉంటాయి. ధ్రువకాంతి వెలిగేటప్పుడు వచ్చేది బుస.

ఈ శబ్దాలకు మూలమైన ఎలక్ట్రానులు ధ్రువాల మీదికి ప్రవాహంగా దిగుతున్నాయని మొట్టమొదట చెప్పినదెవరని వెతుకుతూ పోతే బిర్కెలాండ్ గారి దగ్గర ఆగాను. చెప్పినందుకు ఆయన పడ్డ పాట్లు తెలిసిన తరువాత రాయకుండా ఉండలేకపోయాను.

బాల్యం, చదువు

బిర్కెలాండ్ 1867 డిసెంబరు 13న నార్వే రాజధానిలో పుట్టాడు. ఇప్పటి ఆస్లో నగరాన్ని ఆ రోజుల్లో క్రిస్టియానియా అనేవారు. చిన్నతనం నుంచీ లెక్కలంటే, అయస్కాంతాలంటే ఇష్టం. 18 ఏళ్ళకే మొదటి శాస్త్రవ్యాసం రాశాడు. తరువాత పారిస్ వెళ్ళి ఆ కాలపు గణితశాస్త్రజ్ఞులలో మేటియైన పొయింకారే దగ్గర చదివాడు. జర్మనీలో రేడియో తరంగాలను కనిపెట్టిన హెర్ట్జ్ ప్రయోగశాలకూ వెళ్ళాడు. విద్యుత్తుకు, అయస్కాంతానికి సంబంధించిన మాక్స్‌వెల్ సమీకరణాలకు సాధారణ పరిష్కారాన్ని 1895లో ప్రకటించాడు. 1898లో, ముప్ఫై ఏళ్ళ వయసులో, క్రిస్టియానియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు.

ఇంత చదివినవాడు పట్టణంలో పాఠాలు చెప్పుకుంటూ, జీతం తీసుకుంటూ సుఖంగా ఉండవచ్చు. ఆయన ఉండలేదు. దానికి కారణం ధ్రువకాంతి.

ధ్రువకాంతి అంటే ఏమిటి

ఉత్తర ధ్రువానికి, దక్షిణ ధ్రువానికి చేరువలో ఉన్న దేశాలలో రాత్రివేళ ఆకాశంలో ఆకుపచ్చగా, ఎర్రగా, తెర కట్టినట్లు వెలుగు కదులుతుంది. ఒక్కొక్కసారి నిశ్చలంగా ఉంటుంది, ఒక్కొక్కసారి గాలికి చీర కుచ్చిళ్ళు ఊగినట్లు ఊగుతుంది. నార్వేలో అందరూ చూసేదే. కాని అదెందుకు వస్తుందో ఎవరికీ తెలియదు. అది వెలిగిన రాత్రి దిక్సూచి ముల్లు నిలకడగా ఉండదని, టెలిగ్రాఫు తీగల్లో అక్కరలేని కరెంటు పారుతుందని మాత్రం తెలుసు.

1896లో బిర్కెలాండ్ ఒక సంగతి చెప్పాడు. గాలి తీసేసిన గాజు గొట్టంలో విద్యుత్తు ప్రవహింపజేస్తే కేథోడ్ కిరణాలు పుడతాయి. అయస్కాంతాన్ని దగ్గర పెడితే అవి దానివైపు వంగుతాయి. సూర్యుడి నుంచి కూడా అట్లాంటి కిరణాలే బయలుదేరి వస్తూ ఉండాలి, భూమి పెద్ద అయస్కాంతం కనుక అది వాటిని ధ్రువాల వైపు మళ్ళిస్తుంది, అక్కడ అవి గాలికి తగిలి వెలుగు పుడుతుంది అని ఆయన ఊహ. ఆ కేథోడ్ కిరణాలంటే ఎలక్ట్రానులేనని ఆ మరుసటి ఏడు, 1897లో, ఇంగ్లండులో థామ్సన్ తేల్చాడు.

మనం బడిలో అయస్కాంతం మీద కాగితం పరచి ఇనుపరజను చల్లినప్పుడు, రజను గీతలు గీతలుగా సర్దుకొని రెండు కొనల దగ్గర గుమిగూడేది గుర్తుందా? వాటినే బలరేఖలంటారు. భూమి చుట్టూ కూడా అట్లాంటి రేఖలున్నాయి. ఎలక్ట్రానులు వాటికి అడ్డంగా దూకలేవు, వాటి వెంబడే జారాలి. జారితే చేరేది ధ్రువాల దగ్గరికే. తిరుపతిలోనో చిత్తూరులోనో మనకు ధ్రువకాంతి కనపడకపోవడానికి కారణం ఇదే. మనం భూమధ్యరేఖకు దగ్గరివాళ్ళం. మన నెత్తిన ఆ రేఖలు నేలకు ఇంచుమించు సమాంతరంగా పోతాయి, కిందికి దిగవు.

ఆ రోజుల్లో ఈ మాట చెప్పడం చిన్న సంగతి కాదు. సూర్యుడికి, భూమి మీది అయస్కాంత తుఫానులకు సంబంధం ఉండటం అసాధ్యమని 1892లో లార్డ్ కెల్విన్ అంతటివాడు లండను రాయల్ సొసైటీ అధ్యక్షపీఠం మీద నుంచి తీర్పు చెప్పి ఉన్నాడు.

కొండ మీద కాపురం

ఊహ చెప్పి ఊరుకుంటే సరిపోదు, లెక్క కావాలి. లెక్క కోసం ధ్రువకాంతి కిందికే వెళ్ళాలి. ఉత్తర నార్వేలో హాల్డె అనే కొండ ఉంది. ఎత్తు 900 మీటర్ల పైచిలుకు. మన తిరుమల కొండ ఎత్తుతో పోలిస్తే పెద్ద తేడా లేదు. కాని అది ఆర్కిటిక్ వలయం లోపల ఉంది. చలికాలంలో వారాల తరబడి సూర్యుడు కనపడడు. మనిషిని పడదోసే గాలి. 1899కి ముందు చేసిన ఒక యాత్రలో మంచు తుఫానులో చిక్కుకొని, వెంట వచ్చిన హెల్లండ్-హాన్సెన్ అనే యువకుడు చేతివేళ్ళు కొన్ని పోగొట్టుకున్నాడు. వైద్యం చదువుతున్న ఆ పిల్లవాడు ఆ చదువు వదులుకోవలసి వచ్చింది. తరువాత సముద్రశాస్త్రంలో గొప్ప పేరు తెచ్చుకున్నాడు.

1899లో ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో ఆ కొండ మీద రాతితో ఒక కట్టడం, ఎదుటి శిఖరం మీద మరొకటి కట్టించి, బిర్కెలాండ్ తన సహాయకులతో ఆ చలికాలమంతా అక్కడే ఉన్నాడు. రెండు శిఖరాల నుంచీ ఒకే సమయంలో చూసి ధ్రువకాంతి ఎత్తు కట్టాలని ఆయన ఉద్దేశం. అది నెరవేరలేదు. శిఖరాల మధ్య దూరం చాలలేదు. తరువాత కార్ల్ స్టోర్మర్ అనే మరొక నార్వే గణితజ్ఞుడు ఇంకా దూరంగా కెమెరాలు పెట్టి, వెలుగు అడుగుభాగం సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఉంటుందని తేల్చాడు.

ఆ యాత్రలోనే 1900లో మంచుచరియ విరిగిపడి ఎలిసార్ బోయె అనే సహాయకుడు చనిపోయాడు. గొప్పవాళ్ళ జీవితచరిత్రలలో ఇట్లాంటి వాళ్ళకు ఒక్క వాక్యమే దక్కుతుంది. నేను జీవితమంతా సహాయక ఉద్యోగమే చేసినవాణ్ణి కనుక ఆ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగాను.

1902, 1903లలో ఇంకా పెద్ద యాత్ర. ఈసారి నాలుగు చోట్ల, అంటే ఉత్తర నార్వే, ఐస్‌లాండ్, స్పిట్స్‌బెర్గెన్, నొవాయా జెమ్ల్యా దీవులలో, ఒకేసారి కేంద్రాలు పెట్టించాడు. దిక్సూచి ముల్లు కదలికను ఫొటో కాగితం మీద గీతగా పట్టే యంత్రాలు పెట్టారు. యంత్రం దానంతట అదే గీసినా, కాగితం మార్చి, గడియారం సరిచూసి, తేదీ వేసి, చిట్టా రాసి పెట్టేది మనుషులే. గడ్డకట్టే చలిలో, చీకటిలో, నెలల తరబడి రోజూ చేశారు. ఇదికాక ప్రపంచంలోని ఇరవైకి పైగా పరిశీలనశాలల నుంచి అవే తేదీల గీతలు తెప్పించుకున్నాడు. మన బొంబాయి, డెహ్రాడూన్ గీతలు కూడా వాటిలో ఉన్నాయి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తాలూకా ఆఫీసులో రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వానమాపకం చూసి రిజిస్టరులో రాసే పని నాది. మన సీమలో ఏడాదిలో ఎక్కువ రోజులు రాసేది సున్నయే. సున్న రాయడానికి ఇంత శ్రద్ధ ఎందుకని తోటివారు నవ్వేవారు. కొన్నేళ్ళకు కరువు లెక్కలు తీయవలసి వచ్చినప్పుడు ఆ సున్నలే పనికివచ్చాయి. అందుకే ఆ మంచుకొండ మీద తేదీ వేసి కాగితం మార్చిన మనుషులంటే నాకు గౌరవం.

ఆ గీతలన్నీ పక్కపక్కన పెట్టి చూసి బిర్కెలాండ్ తేల్చినది ఇది. అయస్కాంత తుఫాను వచ్చినప్పుడు ఆకాశంలో నుంచి బలరేఖల వెంబడి పెద్ద కరెంటు కిందికి దిగుతుంది, ధ్రువకాంతి ఉన్న ఎత్తులో కొంతదూరం అడ్డంగా పారుతుంది, మరొక చోట మళ్ళీ పైకి లేస్తుంది. ఇంటికి వచ్చే కరెంటు ఒక తీగలో వచ్చి మరొక తీగలో పోయినట్లే. ఆ కరెంటు లక్షల ఆంపియర్లుంటుందని లెక్క కట్టాడు. ఈ పరిశోధన అంతా కలిపి 1908లో, 1913లో రెండు భాగాలుగా ఎనిమిది వందల పేజీలకు పైబడిన గ్రంథంగా అచ్చు వేశాడు.

గాజుపెట్టెలో భూమి

ఆయన మరొక పని చేశాడు. భూమినే చిన్నది చేసి గదిలోకి తెచ్చుకున్నాడు. ఒక లోహపు గోళంలో విద్యుదయస్కాంతం అమర్చి, గాలి తీసేసిన గాజుపెట్టెలో వేలాడదీసి, దాని మీదికి కేథోడ్ కిరణాలు పంపాడు. గోళం రెండు కొనల దగ్గరా ఉంగరంలా వెలుగు వచ్చింది! ఈ గోళానికి టెరెల్లా, అంటే చిట్టిభూమి అని పేరు. క్రమంగా పెట్టెలు పెద్దవి చేస్తూ పోయి చివరకు వెయ్యి లీటర్ల పెట్టెలో 36 సెంటీమీటర్ల గోళం పెట్టాడు. పొడుగుపాటి టోపీ పెట్టుకొని ఆ పెట్టె పక్కన కూర్చున్న ఆయన ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనపడుతుంది.

ఫిరంగి నుంచి ఎరువు దాకా

యాత్రలకు, పెట్టెలకు డబ్బు కావాలి. ప్రభుత్వం ఇచ్చినది చాలలేదు. సంపాదిద్దామని మందుగుండు లేకుండా విద్యుదయస్కాంతంతో గుండు విసిరే ఫిరంగి కనిపెట్టి, పేటెంటు తీసుకొని, కంపెనీ పెట్టి షేర్లు అమ్మాడు. 1903లో విశ్వవిద్యాలయ సభామందిరంలో పెద్దలందరి ముందు ప్రదర్శన ఏర్పాటయింది. మీట నొక్కగానే షార్టు సర్క్యూటయి, పెద్ద మెరుపు, చెవులు చిల్లులు పడే మోత. జనం లేచి పరుగులు తీశారు. షేర్ల ధర పడిపోయింది. ఆయన పరువూ పోయిందనే అనుకున్నారు.

అదే ఏడాది సామ్ ఐడె అనే ఇంజనీరుతో పరిచయం కలిసింది. ఐడెకు కావలసినది మెరుపు. ఎందుకంటే గాలిలో నత్రజని ఎంత ఉన్నా పైరుకు నేరుగా అందదు. ఉరుములు మెరుపులలో కొంత నత్రజని ప్రాణవాయువుతో కలిసి వానతో నేలకు దిగుతుంది. అప్పట్లో ఐరోపా పొలాలకు నత్రజని ఎరువు దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు గనుల నుంచి ఓడల మీద వచ్చేది. ఆ గనులు అయిపోతే లోకం పస్తులుండాలని విలియం క్రూక్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1898లో హెచ్చరించి ఉన్నాడు. మనిషి చేతి మెరుపుతో ఎరువు చేయగలమా అన్నది ప్రశ్న.

ఫిరంగిని పాడుచేసిన మెరుపే ఇక్కడ పనికివచ్చింది. విద్యుత్ మెరుపుకు పక్కన బలమైన అయస్కాంతం పెడితే అది పళ్ళెంలా గుండ్రంగా విప్పారుతుంది. సుమారు 3,000 డిగ్రీల వేడి. దానిలో నుంచి గాలిని పంపితే నత్రజని, ప్రాణవాయువు కలుస్తాయి. దాని నుంచి నత్రికామ్లం, ఆ ఆమ్లానికి సున్నపురాయి చేరిస్తే ఎరువు. 1905లో నోటోడెన్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ మొదలైంది. ఆ డిసెంబరులో నోర్‌స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది. జలపాతాల కరెంటు చవకగా దొరికే నార్వేకు అది వరమయింది. దీనికి కరెంటు విపరీతంగా పట్టేది కనుక, జర్మనీలో హేబర్, బాష్ కనిపెట్టిన పద్ధతి వచ్చిన తరువాత క్రమంగా మూలపడింది. నేడు మన వేరుశనగ చేలకు, వరిమళ్ళకు వచ్చే యూరియా ఆ హేబర్ పద్ధతి సంతానమే. అయినా గాలి నుంచి ఎరువు తీసి పెద్ద ఎత్తున అమ్మిన తొలివారిలో బిర్కెలాండ్ ఒకడు.

ఎరువు డబ్బును ఆయన మేడలు కట్టడానికి వాడుకోలేదు. మళ్ళీ గాజుపెట్టెలకే, ధ్రువకాంతికే పెట్టాడు. నోబెల్ బహుమతికి ఏడుసార్లు ఆయన పేరు ప్రతిపాదించారు. ఒక్కసారీ రాలేదు.

ఒంటరితనం

ఇంటి విషయం చెప్పకపోతే జీవితం పూర్తి కాదు. 1905లో ఇడా హామర్ అనే ఆమెను వివాహమాడాడు. ఆయన రాత్రింబవళ్ళు ప్రయోగశాలలోనే. ఇల్లు పట్టలేదు. పిల్లలు లేరు. కొన్నేళ్ళకే ఇద్దరూ విడిపోయారు. యంత్రాల మోతలకు చెవులు దెబ్బతిని వినికిడి తగ్గింది. నిద్ర పట్టేది కాదు. నిద్రకు వెరోనాల్ అనే మందు, దానికి తోడు విస్కీ అలవాటయ్యాయి.

పండితలోకం కూడా ఆదరించలేదు. ఒకే జాతి విద్యుత్తు గల ఎలక్ట్రానులు ఒకదాన్నొకటి నెట్టుకొని దారిలోనే చెదిరిపోవాలి కదా, సూర్యుని నుంచి ఇంతదూరం గుంపుగా ఎట్లా వస్తాయని ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఆక్షేపించారు. అది న్యాయమైన ఆక్షేపణే. బిర్కెలాండ్ మొండికి పోలేదు, ఆలోచించాడు. సూర్యుడి నుంచి వచ్చేవి ఒక్క ఎలక్ట్రానులే కావు, ధన, రుణ విద్యుత్కణాలు రెండూ కలిసి వస్తాయని 1916లో రాశాడు. నేడు సౌరపవనం అంటున్నది అదే. శనిగ్రహపు వలయాలు, తోకచుక్కలు కూడా విద్యుత్తు పనేనని ఆయన అనుకున్నవన్నీ నిలవలేదు. ఎలక్ట్రానులు సూర్యుడి నుంచి సూటిగా ధ్రువానికి దిగుతాయనుకున్నాడు. నిజానికి అవి భూమి చుట్టూ ఉన్న అయస్కాంతావరణంలో చేరి, అక్కడ బలం పుంజుకొని దిగుతాయని తరువాత తెలిసింది. కాని అసలు విషయం, అంటే బలరేఖల వెంబడి కరెంటు దిగుతుందన్నది, నిలిచింది.

సూర్యోదయానికి ముందు, అస్తమయం తరువాత ఆకాశంలో కనిపించే మరొక మసక వెలుగును పరిశీలించడానికి ఆయన ఈజిప్టు వెళ్ళి కైరో దగ్గర హెల్వాన్‌లో ఉన్నాడు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం. 1917లో స్వదేశం చేరుదామంటే ఐరోపా దారి యుద్ధంతో మూసుకుపోయింది. చుట్టుతిరిగి జపాను మీదుగా పోదామని టోక్యో వచ్చాడు. అక్కడి భౌతికశాస్త్రజ్ఞులు కొందరు తెలిసినవారు, గౌరవంగానే చూశారు. జూన్ 15న ఉదయం ఉయెనోలోని హోటలు గదిలో ఆయన చనిపోయి ఉన్నాడు. అర గ్రాము వేసుకోవలసిన వెరోనాల్ పది గ్రాములు లోపలికి పోయింది. వయసు 49. టొరాహికో తెరాదా అనే జపాను శాస్త్రజ్ఞుడు చాలా ఏళ్ళ తరువాత ఆ చివరి రోజులను తలచుకొని వ్యాసం రాశాడు.

మళ్ళీ తెరిచిన ఫైలు

ఆయన పోయిన తరువాత యాభై ఏళ్ళు ఆ ఫైలు మూసి పెట్టినట్లే అయింది. సిడ్నీ చాప్‌మన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ రంగంలో పెద్దదిక్కు. కరెంటు పైనుంచి దిగనక్కరలేదు, పై వాతావరణంలోనే అడ్డంగా చుట్టితిరుగుతుంది అని ఆయన సిద్ధాంతం. చిక్కేమిటంటే నేల మీది దిక్సూచి ముల్లు కదలికను బట్టి ఎవరి మాట నిజమో తేల్చడం కుదరదు. రెంటికీ ముల్లు ఒకే రీతిగా కదలవచ్చు. స్వీడన్ దేశపు హానెస్ ఆల్ఫ్వేన్ ఒక్కడు 1939 నుంచీ బిర్కెలాండ్ పక్షాన నిలబడ్డాడు. ఆయనకు 1970లో నోబెల్ వచ్చింది.

తేల్చాలంటే పైకే వెళ్ళి చూడాలి. 1962లో మారినర్ 2 నౌక సౌరపవనం నిత్యం వీస్తున్నదని రూఢి చేసింది. 1963లో అమెరికా నావికాదళం పంపిన ఒక ఉపగ్రహంలో అయస్కాంతమాపకం ఉంది. సుమారు 1,100 కిలోమీటర్ల ఎత్తున అది ధ్రువకాంతి ప్రాంతం దాటినప్పుడల్లా ముల్లు అడ్డంగా అదిరేది. 1966లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. అవి బిర్కెలాండ్ చెప్పిన నిలువు కరెంటులేనని మరుసటి ఏడు గుర్తించారు. 1970లలో ట్రయాడ్ అనే మరొక ఉపగ్రహం ఆ కరెంటు ఎక్కడ దిగుతుందో, ఎక్కడ ఎక్కుతుందో పటం గీసి ఇచ్చింది. పెద్ద తుఫాను వేళ అది పది లక్షల ఆంపియర్లకు చేరుతుంది. దానికి నేడు శాస్త్రలోకం పెట్టుకున్న పేరు బిర్కెలాండ్ కరెంటు. 1994లో నార్వే తన 200 క్రోనర్ల నోటు మీద ఆయన బొమ్మ వేసింది. 2017లో కొత్త నోటు వచ్చేదాకా ఆ దేశంలో ప్రతి జేబులోనూ ఆయన ఉన్నాడు.

పిట్టల పాట

ఇప్పుడు మా మనవడి ఫోనులోని పాట దగ్గరికి వద్దాం. 1894లోనే బ్రిటనులో ధ్రువకాంతి వెలిగిన రాత్రి టెలిఫోను తీగల్లో వింత శబ్దాలు విన్నట్లు నమోదయింది. మొదటి యుద్ధంలో శత్రువుల టెలిఫోను మాటలు చాటుగా వినడానికి యంత్రం పెట్టిన జర్మను బార్క్‌హౌసెన్‌కు మాటలకు బదులు ఈలలు వినపడ్డాయి. ఆ ఈల ఎక్కడిదో 1953లో కేంబ్రిడ్జిలో స్టోరీ అనే యువకుడు చెప్పాడు. భూమికి ఆ కొసన ఎక్కడో మెరుపు మెరిస్తే, దాని రేడియో తరంగం బలరేఖ పట్టుకొని వేల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి ఈ కొసన దిగుతుంది. సన్నని స్వరం ముందు, బొంగురు స్వరం వెనుక చేరుతుంది కనుక ఈల వేసి దించినట్లుంటుంది.

బుస శబ్దమైతే నేరుగా బిర్కెలాండ్ చెప్పిన ప్రవాహానిదే. ధ్రువకాంతిని వెలిగించడానికి దిగే ఎలక్ట్రానుల నుంచే అది పుడుతుంది. పిట్టల కోరస్ ఇంకా పైన, అయస్కాంతావరణంలో బలరేఖల చుట్టూ మెలికలు తిరిగే ఎలక్ట్రానుల నుంచి పుడుతుంది. పుట్టి ఊరుకోదు. ఆ ఎలక్ట్రానులలో కొన్నిటిని దారి తప్పించి కిందికి రాలుస్తుంది. అవి రాలిన చోట ధ్రువకాంతి దీపం రెపరెపలాడినట్లు వెలిగి ఆరుతుంది. అంటే ఆ పాటకూ ఆ వెలుగుకూ మూలం ఒకటే. ఆ వెలుగు కింద ఏళ్ళు గడిపిన మనిషికి ఆ పాట వినే యంత్రమూ లేకపోయింది, చివరకు వినే చెవీ లేకపోయింది.

మన వైపు నుంచి ఒక మాట. 2023 సెప్టెంబరు 2న మధ్యాహ్నం పన్నెండుకు పది నిముషాల ముందు శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 లేచింది. మేమందరం డాబా ఎక్కి తూర్పు వైపు చూశాము. పొగచార మబ్బుల్లో కలిసేదాకా నిలబడ్డాము. 2024 జనవరి 6న అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన చోటికి చేరింది. సౌరపవనంలోని కణాలను లెక్కించే పరికరాలు రెండు దానిలో ఉన్నాయి. అందులో ఒకదాని పేరు పాపా. ఎలక్ట్రానులనూ ధనకణాలనూ రెంటినీ అది కొలుస్తుంది. ఆ రెండూ కలిసే వస్తాయని 1916లో రాసిన మనిషి లెక్కను, మన ఊరి పక్క నుంచి వెళ్ళిన యంత్రం నేడు సరిచూస్తున్నది. 2024 మేలో గట్టి సౌర తుఫాను వచ్చినప్పుడు లడఖ్‌లోని హన్లేలో కూడా ఆకాశం ఎర్రబడింది. ఆ ఫొటోలు పేపర్లలో చూసినవారు మనలోనూ ఉంటారు.

మిత్రులారా, బిర్కెలాండ్ గారి జీవితమంతా అనుసరించదగినదని నేను అనను. ఆరోగ్యం, సంసారం, నిద్ర పణంగా పెట్టి చేసే పనిని మన పిల్లలకు నేర్పలేము, నేర్పకూడదు. నిద్రమందు విషయంలో డాక్టరు చెప్పిన మోతాదు దాటరాదన్నది మన వయసువారంతా గుర్తుంచుకోవలసిన సంగతి. కాని ఒకటి మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. ఎదుటివారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, చూసినది చూసినట్లు, తేదీ వేసి, లెక్క రాసి పెట్టాడు. తప్పు చూపిస్తే దిద్దుకున్నాడు. ఆయన బతికుండగా గెలవలేదు. కాని రిజిస్టరు ఉంది కనుక, యాభై ఏళ్ళ తరువాత తెరిచినవారికి నిజం దొరికింది.

మనం నలభై ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాళ్ళం. ఆ మాట మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మీ మనవలకు ఆ పిట్టల పాట ఒకసారి వినిపించండి. వినిపించి, ఈయన కథ చెప్పండి.

సెలవు.